బంగారం ఆమెది, రసీదు అతనిది

గొడవపడి విడిపోయేవాళ్లకు సలహా చెప్పేవాళ్లు కొల్లలు. పోలీసులుంటారు, లాయర్లుంటారు, రెండు వైపులా మేనమామలూ పెదనాయనలూ ఉంటారు. తగవు లేకుండా విడిపోదామనుకున్నవాళ్లకే ఎవరూ దొరకరు. "ఇద్దరికీ ఒప్పుదలే కదా, ఇంకేం కావాల?" అని అందరూ లేచిపోతారు. ఒక బాండు పేపరు కొని, నలుగురు పెద్దమనుషుల ముందు రాయించి, సంతకాలు పెడితే పని తీరిపోయిందని అనుకుంటారు. నన్నడిగితే కాగితం పక్కాగా ఉండాల్సింది ఇలాంటివాళ్లకే. తగవు పడ్డవాళ్లు ఒకరినొకరు నమ్మరు గనక పైసాతో సహా రాయించుకుంటారు. నమ్మకం మిగిలినవాళ్లు "అది తర్వాత చూసుకుందాంలే" అని వదిలేస్తారు. ఆ 'తర్వాత' వచ్చేసరికి ఇద్దరిలో ఒకరికి ఇంకో పెళ్లయి ఉంటుంది, లేదా అప్పులవాడు వాకిట్లో కూచుని ఉంటాడు.

అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో ఏదో ఒక ఊరు అనుకోండి. ఒక జంటను ఊహించుకుందాం, పేర్లు అక్కర్లేదు. అతను బెంగళూరులో ఫ్యాక్టరీ పనికి పోయాడు, జీతంలో పీఎఫ్ కోత పడే ఉద్యోగం. ఆమె ఊళ్లోనే ఉండి సేద్యం చూసుకుంటూ, మిషను కుడుతూ, పొదుపు సంఘంలో సభ్యురాలిగా ఉంది. ఎనిమిదేళ్ల కూతురు. తొమ్మిదేళ్ల కాపురంలో చివరి రెండేళ్లు ఎవరి బతుకు వాళ్లదే. కొట్టుకోలేదు, కేసులు పెట్టుకోలేదు. ఇద్దరూ కూచుని విడిపోదామనుకున్నారు.

వాళ్ల ఆస్తి లెక్క చూడండి. ఆరెకరాల మెట్ట, అతని తండ్రి పేరున. ఎకరంన్నర డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి, ఆమె పేరున. పుట్టింటివాళ్లు పెట్టిన ఎనిమిది తులాల బంగారంలో అయిదు తులాలు బ్యాంకులో పంట రుణం కింద కుదవలో ఉన్నాయి, లోను అతని పేరున. ఎండిపోయిన రెండు బోర్లకు ప్రోనోట్ల మీద తెచ్చిన ప్రైవేటు అప్పు ఉంది. సంఘం లోను ఆమె పేరున ఉంది, ఆ డబ్బూ బోరులోకే పోయింది. అతని పీఎఫ్, ఒక ఎల్ఐసీ పాలసీ, ఒక బైకు.

ఈ లెక్కను పట్నంలో ఏ సలహాదారుకు చూపించినా ముందు భూమి గురించి మాట్లాడతాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే పడినట్టు, లేకుంటే లేదు అన్న ఈ జిల్లాలో నేను ముందు అప్పు గురించి మాట్లాడతాను. ఇక్కడ చాలా జంటలు పంచుకోవాల్సింది బాకీలనే. పైగా ఎవరి సొమ్ము, ఎవరి పేరు అన్నవి కలిసిరావు. నగలు ఆమెవి, రసీదు అతనిది. లోను ఆమెది, బోరు అతని తండ్రి భూమిలో.

బంగారంతోనే మొదలుపెడదాం. పెళ్లిలో ఆమెకు పెట్టినవీ, పుట్టింటివాళ్లు ఇచ్చినవీ ఆమె స్త్రీధనం. అవి భర్త చేతిలో ఉన్నా ఆమె సొత్తేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చింది. అయితే బ్యాంకుకు ఆ తీర్పుతో పని లేదు. ఎవరు కుదవ పెట్టారో వాళ్లకే నగ తిరిగిస్తుంది. కాబట్టి ఒప్పందంలో "నగలు ఆమెవి" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ బ్రాంచి, ఏ లోను నంబరు, ఏయే నగ, ఎంత తూకం, అసలూ వడ్డీ కలిపి ఎవరు కట్టాలి, ఏ తేదీలోగా విడిపించాలి, ఆ తేదీ దాటితే ఏం చేయాలి అన్నవన్నీ రాయాలి. అతను కట్టలేకపోతే ఆమె కట్టి విడిపించుకోవడానికి ఇప్పుడే అతని సంతకంతో బ్యాంకుకు ఒక లెటరు ఇప్పించుకోవాలి. వేలానికి నోటీసు వస్తే అది అతని అడ్రసుకే పోతుంది, ఆమెకు తెలియను కూడా తెలియదు. అతని ఫోను నంబరు మారినా అంతే.

ప్రోనోటు సంగతి వేరు. భార్యాభర్తలు తమలో తాము "ఈ బాకీ నాది, ఆ బాకీ నీది" అని ఎంత చక్కగా రాసుకున్నా అప్పిచ్చినవాడికి అది వర్తించదు. నోటు మీద ఎవరి సంతకం ఉంటే అతను వాళ్లనే అడుగుతాడు. ఆమె కూడా సంతకం పెట్టి ఉంటే, విడాకులు వచ్చినా ఆమె మీద దావా వేయొచ్చు. చేయాల్సింది ఒకటే. అప్పిచ్చినవాడిని కూచోబెట్టి, పాత నోటు చింపించి, భర్త ఒక్కడి పేరున కొత్త నోటు రాయించాలి. ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప బాకీ ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి మారదు. పెద్దమనుషులు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. ఎవడికి ఎంత ఇవ్వాలో, ఏ సంవత్సరం ఎంత వడ్డీ కట్టారో వాళ్లకు నోటికి వచ్చు. ఆ జ్ఞాపకాన్ని వాడుకోండి, తీర్పు చెప్పే పని కోర్టుకు వదిలేయండి.

సంఘం లోను దగ్గర మొహమాటం పనికిరాదు. వాయిదా తప్పితే తక్కిన సభ్యులంతా ఇరుక్కుంటారు, వాళ్లు వచ్చేది ఆమె ఇంటికే. అతను నెలనెలా కడతానన్నా ఒప్పుకోవద్దు. మిగిలిన బాకీ మొత్తం లెక్కగట్టి, కోర్టులో ఆఖరు వాయిదాకు ముందే ఆమె ఖాతాలో వేయించుకోవాలి.

చెల్లింపుల తేదీల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "శెనక్కాయ పంట చేతికొచ్చినాక ఇస్తా" అన్న మాటను కాగితంలోకి రానివ్వొద్దు. అతను అబద్ధమాడతాడని కాదు, పంట రాకపోవచ్చు. జూన్‌లోనో జులైలోనో విత్తనం వేసి కార్తీకం దాకా ఆకాశం చూసే సేద్యం మీద ఒక ఆడపిల్ల బడి ఫీజు ఆధారపడకూడదు. తేదీలు జీతం పడే రోజును బట్టి పెట్టుకోవాలి. అలాగే "పీఎఫ్ తీసి ఇస్తా" అన్నది కూడా రాయొద్దు. ఉద్యోగంలో ఉండగా పీఎఫ్ నుంచి ఎంత తీయొచ్చన్నది నిబంధనలను బట్టి మారుతుంటుంది. ఇవ్వాల్సిన మొత్తం, తేదీ రాస్తే చాలు. అతను ఎక్కడి నుంచి తెస్తాడన్నది అతని తిప్పలు.

ఇప్పుడు భూమి. ఆరెకరాలు తండ్రి పేరున ఉన్నాయి. అది తండ్రి స్వార్జితమైతే కొడుక్కి ఇప్పుడు అందులో ఏమీ లేదు, భార్యకు రాసివ్వడానికి అతనికి హక్కే లేదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తయితే అతనికి భాగం ఉంటుంది గానీ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా భాగస్తులే. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే మొదలైంది, దేశమంతటా 2005లో వచ్చింది. పంపకం కాకముందే ఒక భాగస్తుడు తన వాటాను దానంగా రాసిస్తే, మిగతావాళ్ల ఒప్పుదల లేకుంటే చెల్లదని సుప్రీంకోర్టు 1987లో చెప్పింది. ఆ కేసు మన రాష్ట్రానిదే, తమ్మా వెంకట సుబ్బమ్మ కేసు. "నా భాగం రెండెకరాలు ఆమెకు" అని బాండు పేపరు మీద రాసిచ్చి మంచివాడనిపించుకోవడం సులువు. పదేళ్ల తర్వాత అతని తమ్ముడు దావా వేస్తే ఆ రెండెకరాలూ ఆమె చేతిలో నిలవవు. భూమే ఇవ్వాలనుకుంటే ముందు భాగపరిష్కారం రిజిస్టరు చేయించి, పట్టాదారు పాసుపుస్తకం అతని పేరున తెచ్చుకుని, తర్వాత ఇవ్వాలి. ఆ ఓపిక లేనివాళ్లు భూమి జోలికి పోకుండా డబ్బు రూపంలో తేల్చుకోవడం మంచిది.

డీకేటీ ఎకరంన్నర ఆమె పేరున ఉంది, ఆమెకే ఉంటుంది. "మా నాయన తిరిగి తెచ్చిన పట్టా అది" అని అతనివైపువాళ్లు అడగొచ్చు. అసైన్డు భూమి బదిలీని 1977 చట్టం అడ్డుకుంటోంది. 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు 2023 సవరణ కొంత దారి ఇచ్చినా, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్‌రిజిస్ట్రారు కాగితం ముట్టుకోడు. దాన్ని వెనక్కి రాయించుకునే షరతు ఒప్పందంలో పెడితే నడవని షరతు ఒకటి పెట్టుకున్నట్టే. ప్రభుత్వం ఆడవాళ్ల పేరున ఇచ్చిన ఇళ్ల స్థలాలకూ ఇదే జాగ్రత్త.

రిజిస్ట్రేషన్ విషయంలో ఒక మెలిక. విడాకుల పిటిషన్‌లో భూమి గురించి ఒక వాక్యం రాసి, డిక్రీ వచ్చింది కాబట్టి భూమి మారిపోయిందని అనుకునేవాళ్లున్నారు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి హక్కు చేతులు మారాలంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావాలి. రాజీ డిక్రీకి మినహాయింపు ఉన్నా, కేసు దేని మీద వేశారో ఆ ఆస్తికే అది వర్తిస్తుంది. విడాకుల కేసు కాపురం మీద వేసింది, భూమి మీద కాదు. అందుకని కళ్యాణదుర్గం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో విడిగా సెటిల్‌మెంటు దస్తావేజు చేయించుకోవడమే భద్రం. తర్వాత తహసీల్దారు దగ్గర మ్యుటేషన్ చేయించి, అడంగల్, 1-బీ లలో పేరు పడిందో లేదో చూసుకోవాలి.

కూతురి విషయంలో తల్లిదండ్రులకు ఉన్న స్వేచ్ఛ తక్కువ. "పాప ఖర్చు నేనే చూసుకుంటా, నువ్వేం ఇవ్వొద్దు" అని తల్లి ఆత్మాభిమానంతో రాసివ్వొచ్చు. కానీ మనోవర్తి హక్కు పాపది. తల్లి దాన్ని వదులుకునే వీల్లేదు, రేపు కోర్టు ఆ షరతును పక్కన పెట్టేయగలదు. హిందూ చట్టంలో పెళ్లికాని కూతురికి, తనను తాను పోషించుకోలేకపోతే, మేజరైన తర్వాత కూడా తండ్రి బాధ్యత ఉంటుంది. కాబట్టి నెలకు ఎంతో రాసి, ఏటా జూన్‌లో, అంటే బడులు తెరిచే నెలలో, ఎంత పెంచాలో కూడా రాయండి. ఎనిమిదేళ్ల పిల్లకు ఈ రోజు సరిపోయే డబ్బు ఇంటర్‌లో సరిపోదు. సెలవులు, పండగలు ఎవరింట్లో, బెంగళూరుకు ఎవరు తీసుకుపోవాలి, ఆస్పత్రి ఖర్చు ఎవరిది అన్నవి చిన్న సంగతులే. సగం తగవులు అక్కడే పుడతాయి. పాప పేరున స్థలం కొంటే ఆమె మైనరుగా ఉన్నంతకాలం కోర్టు అనుమతి లేకుండా అమ్మలేరని తెలిసి కొనండి.

లెక్క మొత్తం తెలియాలంటే ఇద్దరూ దాపరికం లేకుండా రాయాలి. దానికి కొత్త ఫారం కనిపెట్టనవసరం లేదు. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల కోసం ఆస్తులు, అప్పుల అఫిడవిట్ నమూనా ఇచ్చింది. అందులో సేద్యం చేసేవాళ్లకు విడిగా ఒక నమూనా ఉంది. తరియా మెట్టా, ఏ పంట, ఎన్ని మేకలు, ఎన్ని ఎనుములు, భూమి మీద ఏ అప్పు అని వరసగా అడుగుతుంది. ఢిల్లీలో కూచున్న జడ్జీలు మేకల లెక్క కూడా అడిగారని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఆ కాగితం ప్రింటు తీసుకుని ఇద్దరూ చెరొకటి నింపి పక్కపక్కన పెట్టి చూసుకుంటే, మరిచిపోయిన చీటీ పాటలు కూడా బయటికొస్తాయి.

ఇక కోర్టు. హిందూ వివాహ చట్టం 13-బి ప్రకారం ఏడాదిగా విడిగా ఉన్న జంట కలిసి పిటిషన్ వేయొచ్చు. విడిగా ఉండడమంటే వేరే ఇంట్లో ఉండడమనే కాదు, భార్యాభర్తల్లా బతకకపోవడం. సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో ఈ మాటతోపాటు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలల్లోగా ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి ఒప్పుదల చెప్పాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ తీర్పు వచ్చింది. ఆ మాఫీ కావాలంటే కేసు వేయకముందే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి, రాజీ ప్రయత్నాలు ఫలించకుండా ఉండాలి, భరణం, పిల్లలు, ఇతర లెక్కలన్నీ నిజంగా తేలిపోయి ఉండాలి. మన జంట రెండేళ్లుగా వేరే ఉంది. లెక్కల కాగితం పక్కాగా ఉంటే ఆరు నెలలు కలిసొచ్చే అవకాశం వాళ్లకుంది. బెంగళూరు నుంచి వాయిదాకొకసారి రాత్రి బస్సెక్కి, జీతం కోత పెట్టించుకునే మనిషికి అది చిన్న లాభం కాదు. వీడియో ద్వారా హాజరు కావడానికి కూడా ఆ తీర్పు దారి ఇచ్చింది. కేసు కళ్యాణదుర్గంలోనా, అనంతపురంలోనా, బెంగళూరులోనా అన్నది లాయరును అడగండి. పెళ్లి జరిగిన చోటు, చివరిగా కాపురమున్న చోటు, భార్య ఉండే చోటు మూడూ లెక్కకొస్తాయి.

ఒప్పంద షరతులను పిటిషన్‌కు జతచేసి డిక్రీలో భాగం చేయమని అడగాలి. బాండు పేపరుకూ డిక్రీకీ తేడా ఇక్కడే. బాండు పేపరు మాట తప్పితే మూడేళ్లలోగా కొత్త దావా వేసి మొదటి నుంచి నడవాలి. డిక్రీలోని డబ్బు ఇవ్వకపోతే నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు, దానికి 12 ఏళ్ల గడువుంది. అసలు బాండు పేపరుతో విడాకులే రావు. మా కులంలో ఆచారముందంటే ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి. కర్ణాటక నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ సంగతే చెప్పింది. డిక్రీ లేకుండా ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, నేరం కూడా. రేపు అతనికి ఏమైనా జరిగితే పీఎఫ్ ఆఫీసు డిక్రీ అడుగుతుంది, పెద్దమనుషుల సంతకాలు అడగదు.

ఇదంతా హిందువులకు. సుగాలీలు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ కాబట్టి తండాలవాళ్లకు ఈ చట్టం నేరుగా వర్తించదు, ముందే లాయరుతో మాట్లాడాలి. ముస్లింలకు ముబారాత్ అనే పరస్పర అంగీకార విడాకుల పద్ధతి ఉంది. క్రైస్తవులకు వాళ్ల చట్టంలోనే పరస్పర అంగీకార విడాకులున్నాయి. విడాకులైన ముస్లిం మహిళ మామూలు మనోవర్తి చట్టం కింద కూడా అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే.

అన్నిటికన్నా చిక్కైనది ఏది ముందు, ఏది వెనక అన్నది. డబ్బంతా ముందే ఇచ్చేస్తే ఆమె సమ్మతి వెనక్కి తీసుకుంటుందేమోనని అతనికి భయం. డిక్రీ అయ్యాక ఇస్తానంటే ఇస్తాడో లేదోనని ఆమెకు భయం. రెండు భయాలూ న్యాయమైనవే. కోర్టుల్లో నలిగిన పద్ధతి ఏమిటంటే, పిటిషన్ వేసిన రోజు కొంత, ఆఖరు వాయిదా రోజు జడ్జి ముందే డీడీ ఇచ్చి మిగతాది. నగదుగా వద్దు. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పైగా నగదుకు సాక్ష్యం ఉండదు. భూమి అయితే లెక్క తిరగబడుతుంది. డిక్రీ వచ్చిన క్షణం నుంచి ఇద్దరూ చట్టం కళ్లలో బంధువులు కారు. భార్యాభర్తలుగా ఉండగా చేసే సెటిల్‌మెంటుకు స్టాంపు డ్యూటీ తక్కువ, కానుక పన్ను చిక్కూ ఉండదు. అందుకే దస్తావేజు డిక్రీకి ముందే, ఆఖరు వాయిదాకు దగ్గర్లో పెట్టుకోవడం మేలు.

లాయరు ఖర్చుకు భయపడే ఆడవాళ్లకు ఒక మాట. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచిత లాయరు దొరుకుతాడు. 15100కు ఫోను చేసినా, కళ్యాణదుర్గం కోర్టులోని న్యాయసేవల కమిటీని అడిగినా చాలు. ఇద్దరికీ ఒకే లాయరు రాయడం మామూలే, తప్పేమీ లేదు. సంతకం పెట్టే ముందు మాత్రం ఆ ముసాయిదాను ఎవరికి వాళ్లు ఇంకొకరితో చదివించుకోవాలి.

ఇదంతా చాదస్తమనిపిస్తే మన హైకోర్టు ఉద్యోగి ఒకరి కేసు ఉంది, కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఏ. దీప. 1999లో పెళ్లి, రెండు రోజులకే తగవు. ఆ తర్వాత కేసు మీద కేసు. క్రిమినల్ కేసులో శిక్ష పడి అతని ఉద్యోగం పోయింది. చివరికి 2013లో 15 లక్షల శాశ్వత భరణంతో సుప్రీంకోర్టు విడాకులిచ్చి, ఇలాంటి తగవులను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని కింది కోర్టులకు చెప్పింది. పద్నాలుగేళ్లు ఇద్దరి వయసునూ మింగేశాయి.

డిక్రీ చేతికొచ్చాక సర్టిఫైడ్ కాపీలు మూడు నాలుగు తీసుకోండి. ఒకటి గ్రామ సచివాలయంలో రైస్ కార్డు, కుటుంబ మ్యాపింగ్ విడగొట్టడానికి కావాలి. అది విడిపోకపోతే అతని జీతం ఆమె ఇంటి ఆదాయంగా కనిపించి పథకాలు ఆగిపోతాయి. ఇంకొకటి అతనికి. పీఎఫ్‌లో, ఎల్ఐసీలో, బ్యాంకు ఖాతాల్లో నామినీలు అవే మారవు, ఫారం నింపి మార్చుకోవాలి, పాప పేరు పెట్టుకోవాలి.

కుదవలో ఉన్న నగలు విడిపించే రోజు ఇద్దరూ కలిసి బ్యాంకుకు పోవాలి. రసీదు అతను ఇస్తాడు, కౌంటరు మీదే తూకం వేయించాలి. కాసులపేరు, రెండు గాజులు, కమ్మలు అని ఒప్పందంలో రాసిన వరసలోనే సరిచూసుకుని, ఆ కాపీ వెనక "నగలన్నీ అందినాయి" అని తేదీ వేసి ఆమె సంతకం చేయాలి. ఆ కాపీ అతని దగ్గర ఉండాలి.